ఏకలుడు, బృందము: నెల్లూరిసీమనుండి యొక విచారము

శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమునందలి ప్రకీర్ణకాధ్యాయమున గాయకులను మూడు తెఱగులవారినిగా విభజించి చూపినాడు. ఒంటిగా పాడువాడు ఏకలుడు. తోడొకనితో జంటగా పాడువాడు యమలుడు. గుంపులో నిలిచి పాడువాడు బృందగాయనుడు. ఈ విభాగము 13వ శతాబ్దినాటిది. అంతతో నిలువక యాతడు బృందమునకు లెక్కయు గట్టినాడు. ఉత్తమబృందమునందు ముఖ్యగాయనులు నలుగురు, సమగాయనులు ఎనమండ్రు, గాయనీమణులు పన్నిద్దఱు, వేణువు పట్టువారు నలుగురు, మర్దలము వాయించువారు నలుగురు, వెఱసి 32 మంది యుండవలయునట. ఇందు సగమున్నచో మధ్యమము. ఇంతటి లెక్క చెప్పిన శాస్త్రకారుడు, బృందమునందు పెక్కేండ్లు పాడి పిదప నేకలుడైన వానిని గూర్చి యొక్క మాటయు జెప్పలేదు. తరగతులు మూడును వేఱువేఱు గదులవలె నున్నవి. ఒక గదినుండి మఱియొక గదికి ద్వారము కానరాదు. ఆ ద్వారమును వెదకుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేటి పత్రికలలో నీ విషయము తఱచుగా వినవచ్చుచున్నది. ఒక గాయకుడు తన వాద్యబృందమును విడిచి తానే పాట కట్టి, తానే తంత్రీవాద్యము చేతబట్టి పాడ మొదలిడెనేని, వాడేదో యిల్లు విడిచిన వానివలె, సంకెలలు త్రెంచుకొన్న వానివలె వ్రాయుదురు. ఈ భావము పాశ్చాత్యదేశములనుండి మనకు వచ్చినది. అచ్చట బృందమనగా నలువురు స్నేహితులు పేరు, పాటలు, ధనము సమముగా బంచుకొను సంసారము. లివరుపూలు పట్టణమున బుట్టిన బీటిల్సు అను బృందము 1970వ సంవత్సరమున విడివడినప్పుడు నలువురును నాలుగు త్రోవలబట్టి యెవరి పాటలు వారు వెలువరించుకొనిరి. ఆ విడిపోవుటయే యొక కథగా లోకమంతట బ్రాకినది. మన దేశమునందలి యేకలగాయకుని పుట్టుక యట్టిది కాదని నా యభిప్రాయము. దీనికి నెల్లూరిసీమ మంచి సాక్ష్యము చెప్పగలదు.

ముందుగా బృందమును జూతము. మన ప్రాంతమునందు బృందగానమునకు బ్రసిద్ధమైన రూపము యక్షగానము. నేడు లభించుచున్న తెలుగు యక్షగానములలో నతిప్రాచీనమైనదిగా పెద్దలు సుగ్రీవవిజయమును జెప్పుదురు. దాని కర్త కందుకూరి రుద్రకవి, 16వ శతాబ్దివాడు. ఇంటిపేరే కాదు, ఆయన యిష్టదైవమును కందుకూరి జనార్దనుడే. జనార్దనాష్టకమునం దా స్వామినే యాయన సంబోధించినాడు. ఆ కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా (తరువాత ప్రకాశము జిల్లా యైనది) యేర్పడువఱకు నెల్లూరు జిల్లాలోని తాలూకాయే. కావున ఆంధ్రదేశమున లిఖితరూపముగా మనకు దక్కిన తొలి యక్షగానము నెల్లూరిసీమవాని చేతిదని చెప్పుకొనుట తప్పుగాదు. త్రిపుట, జంపె మొదలగు తాళముల పేర వెలసిన రేకులు, ద్విపదలు, ఏలలు, అర్ధచంద్రికలు కలగలసిన రచన యది. రాముడు, సుగ్రీవుడు, వాలి, తార యందఱును మాటలాడుదురు. అయినను గ్రంథమును జదివినప్పుడు, ఇవి పలువురు వేషములు దాల్చి యాడినవా, ఒక్కడే యందఱి పక్షమున బాడినవా యను సందేహము కలుగక మానదు.

ఈ సందేహము క్రొత్తది కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున, శివరాత్రినాడు శ్రీశైలమునందు గంధర్వ యక్ష విద్యాధరాదుల వేషములు వేసి పాడుచు నాడుచునున్న జనులను వర్ణించినాడు. అది నిస్సంశయముగా బృందము. క్రీడాభిరామమునం దన్ననో, ఓరుగంటివీధిలో నొక జక్కులపురంధ్రి పాడుట కానవచ్చును. ఆమె యేకల. అనగా యక్షగానముయొక్క పూర్వరూపములలోనే యీ రెండును, గుంపును ఒంటిగళమును, ప్రక్కప్రక్కనే యున్నవన్నమాట. శ్రీ యస్వీ జోగారావుగారు 1961లో వెలువరించిన ఆంధ్ర యక్షగాన వాఙ్మయచరిత్రమునందు యక్షగానముయొక్క పరిణామమును విస్తరించి చర్చించినారు. ఆసక్తి గలవారు చూడదగును. నాకు వలసిన దింతే: మొదట గుంపు, తరువాత నొంటివాడు అను క్రమము మన యందు సరళరేఖగా సాగలేదు. గుంపునుండి యొకడు వెలువడుట, ఒకని చుట్టు గుంపు చేరుట, మరల విడుట, ఇది యలవలె ముందునకును వెనుకకును సాగినది.

అల యొక తీరమునకు జేరి నిలిచిన చోటు హరికథ.

భాగవతమేళమున సత్యభామ కొకడు, మాధవి కొకడు, సూత్రధారున కొకడు, వెనుక పాటకు నలుగురు, మద్దెలకొకడు. బుర్రకథయందు మువ్వురు: నడుమ కథకుడు, ఇరుప్రక్కల వంతలు, ఒకడు హాస్యమునకు, ఒకడు రాజకీయమునకు. హరికథయందన్ననో ఒక్కడు. మెడలో పూలదండ, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, వెనుక మృదంగమొకటి, ఫిడేలో హార్మోనియమో యొకటి. వచనము చెప్పువాడు వాడే, పద్యము చదువువాడు వాడే, కీర్తన పాడువాడు వాడే, యాడువాడును వాడే. రుక్మిణి లేఖ వ్రాసినపుడు గొంతు మెత్తనగును. శిశుపాలుడు మాటలాడినపుడు గరుసగును. నడుమ పిట్టకథ చెప్పి జనమును నవ్వించి, నవ్వు సద్దుమణుగకమునుపే చిడత మ్రోగించి మరల కథలోనికి దెచ్చును. బృందమును విడిచినాడా యితడు? లేదు; బృందము నంతను దన కంఠమునను బాదములను గుదుర్చుకొన్నాడు. శార్ఙ్గదేవుని గదులకు ద్వార మిచ్చటనే యున్నదని నాకు దోచుచున్నది.

హరికథయొక్క పుట్టువును గూర్చి వివాదము గలదు. తంజావూరు మరాఠీల కీర్తనపద్ధతినుండి వచ్చినదని కొందఱు, మన యక్షగానమునుండియే విడివడినదని కొందఱు. తంజావూరు కృష్ణభాగవతారుగారు (1847–1903) మరాఠీ నిరూపణపద్ధతిని దక్షిణాదికి దెచ్చి పెంపొందించిరనుట ప్రసిద్ధము. ఆ పద్ధతియందు భాగవతునికి దోడుపాట పాడువారు నుందురు. మన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) 1883లో విజయనగరమున, చెన్నపురినుండి వచ్చిన కుప్పుస్వామినాయుడుగారి హరికథ విని, తామును నాటనుండి యా కళను బట్టిరి. ధ్రువచరిత్రము వారి తొలికథ. కావున బాహ్యరూపము దక్షిణమునుండి వచ్చినదనుట కాదనరాదు. కాని దాసుగారి చేతిలో దోడుపాటగాండ్రు తొలగిపోయిరి. కథయు దామే వ్రాసిరి, వరుసలు దామే కట్టిరి, పాడుటయు నాడుటయు దామే చేసిరి. సంగీతశాస్త్రము మాటను మాతువనియు, వరుసను ధాతువనియు జెప్పి, రెండును దానే కల్పించువానిని వాగ్గేయకారుడన్నది. దాసుగారు వాగ్గేయకారులేకాక తమ కృతిని దామే రంగమున నిలబెట్టిన ప్రయోక్తలుగూడ. తొంబది రాగములను గుదిగ్రుచ్చిన దశవిధరాగనవతికుసుమమంజరి యొక్కటియే వారి ధాతుశక్తికి జాలిన నిదర్శనము. దక్షిణపద్ధతిని దెలుగుపద్ధతిగా మార్చినది ఈ యేకాకిత్వమే యని నా నిర్ణయము. పైపైని జూచినచో స్వల్పమైన మార్పు. దాని ఫలము స్వల్పము కాదు.

ఈ పద్ధతి కోస్తా యంతటను వ్యాపించినది. నెల్లూరి తీరమునకు దీని విషయమున నొక సౌకర్యము గలదు. నెల్లూరు చెన్నపురికి సుమారు 175 కిలోమీటరుల దూరమున నున్నది. పెదగంజామునుండి మరక్కాణము వఱకు సాగు బకింగుహాము కాలువ, 1876–78 నాటి క్షామకాలమున కూలివారి చేతులతో బూర్తియై, 1878లో నాటి గవర్నరు పేర వెలసినది. దుగరాజపట్టణము, తడ, పులికాటుల ప్రక్కనుండి ఉప్పు, వంటచెఱకు మొదలగు సరకులు పడవలలో చెన్నపురికి బోయెడివి. సరకు పోయిన త్రోవనే మనుష్యులును, మనుష్యులతో విద్యలును బోవుట సహజము. తరువాత నినుపదారి వచ్చినది. బందరు, రాజమహేంద్రవరముల వారికి చెన్నపురి దూరదేశము, నెల్లూరివారికి పొరుగూరు. తెలుగు చలనచిత్రపరిశ్రమ చెన్నపురియందు నిలిచిన కాలమున నెల్లూరిసీమవారు దానియందు బెక్కండ్రగుటకు నిదియు నొక కారణము. సూళ్లూరుపేట దగ్గఱి మంగళంపాడున బుట్టిన ఆచార్య ఆత్రేయగారు నాటకసమాజములలో నలిగి, అచ్చటనుండి పాటల రచయితగా దేలినవారు. ఆయనయు బృందమునుండి వెడలినవాడే. కాని యాయన విషయము వేఱు వ్యాసమున కర్హము.

ఇక బ్రస్తుతము. నెల్లూరున హరికథలు చెప్పినవారిలో శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తిగా రొకరు. నాటకములయందును వేషములు వేసినవారు. ఇంటిపేరును జూడుడు. మల్లికార్జున పండితారాధ్యుని కథను జెప్పిన గ్రంథమునందే మన బృందగానముయొక్క ప్రాచీనప్రశంస యున్నదని పైని జెప్పితిని. వంశసంబంధమును నే నంటగట్టుట లేదు; పేరులు తారసిల్లుట చరిత్రకారునికి వినోదము, అంతే. వారి కుమారుడు బాలసుబ్రహ్మణ్యము 1946 జూను 4వ తేదీన, ఇప్పుడు తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో జేరియున్న కోనేటమ్మపేటలో జన్మించెను. తండ్రి పాట వినుచు స్వరములు గుర్తుపట్టుటయు, హార్మోనియము, వేణువు తనంత దాను వాయించుటయు బాల్యముననే యలవడెను. గురుముఖమున శాస్త్రీయసంగీతము నేర్వలేదు. ఈ మాటను గొందఱు పొగడ్తగా, గొందఱు తెగడ్తగా వాడుదురు. నాకు రెండును సరిపడవు. హరికథకుని యింట బుట్టినవాడు ఒక్క గొంతులో బదిగొంతులు పలుకుట ప్రతిదినము విని పెరిగెను. దానికంటె గురుకులమేమి కావలయును?

అనంతపురమున ఇంజనీరింగు కళాశాలలో జేరి, సన్నిపాతజ్వరమున జదువు విడిచి, చెన్నపురికి వచ్చి యింజనీర్ల సంస్థవారి పరీక్షకు జదువుచుండెను. 1964లో నొక తెలుగు సాంస్కృతికసంస్థ జరిపిన పాటలపోటీలో బ్రథమబహుమానము లభించెను. న్యాయనిర్ణేతలలో ఘంటసాలగారును, ఎస్. పి. కోదండపాణిగారును ఉండిరి. ఆ దినములలో నాతడొక లలితసంగీతబృందమునకు నాయకుడు. ఈ బృందమునం దుండినవారు: హార్మోనియముపై అనిరుత్త; మొదట గిటారుపైని, తరువాత హార్మోనియముపైని ఇళయరాజా; తాళవాద్యములపై భాస్కర్; గిటారుపై గంగై అమరన్. శార్ఙ్గదేవుని లెక్కకు నిది యధమబృందమున కైనను జాలదు. కాని యిందలి నలువురైదుగురే తరువాతి యరువది సంవత్సరములు దక్షిణదేశపు చలనచిత్రసంగీతమును దిప్పినవారిలోనివారైరి.

ఈ భాస్కర్, ఇళయరాజా, గంగై అమరన్‌లు సోదరులు. వీరును మఱియొక బృందమునుండి వచ్చినవారే. వీరి యన్న పావలర్ వరదరాజన్, పాటలు తానే కట్టి, తమ్ములను వెంటబెట్టుకొని, సామ్యవాదపక్షము సభలలో నూరూరను బాడినవాడు. ఇళయరాజా పదునాలుగవ యేట నందు జేరి సుమారు పదియేండ్లు తిరిగెను. పిదప చెన్నపురిలో ధనరాజ్ మాస్టరునొద్ద పాశ్చాత్యసంగీతము నేర్చి, జి. కె. వెంకటేశ్‌గారి కడ సహాయకుడై, 1976లో అన్నక్కిళి యను చిత్రమునకు దానే స్వరకర్తయై వెడలెను. అతడు స్వరకర్తయేకాక పాటలు వ్రాసినవాడు, పాడినవాడును. కావున వాగ్గేయకారుడను పేరునకు బాలసుబ్రహ్మణ్యముగారికంటె నతడే దగ్గఱివాడు. ఈ సంగతి ముందు ముఖ్యమగును.

1966 డిసెంబరు 15వ తేదీన బాలసుబ్రహ్మణ్యముగారి తొలి చలనచిత్రగీతము శ్రీ శ్రీ శ్రీ మర్యాదరామన్న చిత్రమునకై కోదండపాణిగారి యధ్వర్యమున రికార్డు చేయబడెను. దీనినే వారు బృందమును విడిచి యొంటిగా వెడలిన ముహూర్తముగా జెప్పుట వాడుక. చిత్రమేమనగా, ఆ తొలిపాట యొంటిపాట కాదు. పి. సుశీలగారు, పి. బి. శ్రీనివాస్‌గారు, ఈలపాటకు బ్రసిద్ధులైన కల్యాణం రఘురామయ్యగారు, నీతడు: నలువురు కలసి పాడిన పాట. రఘురామయ్యగారు పద్యనాటకరంగమునుండి వచ్చినవారు. అనగా నెల్లూరి హరికథకుని కుమారుడు చలనచిత్రమున నడుగిడిన నాడు ప్రక్కన నాటకసమాజపుగొంతు నిలిచియున్నది. ఏకలుడగుటకు బోయి మరల బృందముననే నిలిచినాడు. లలితసంగీతబృందమా, యది యాతనితో జేరి యింకను గొంతకాలము నడిచెను. విడిచిపోయిన తేదీ యనునది నిర్ణయింపదగినది కాదు. త్రెంచుకొనుట జరుగలేదు గనుక.

తరువాతి వృత్తాంతము సర్వులకు దెలిసినదే, వేగముగా బోదము. తెలుగు, హిందీ, కన్నడ, తమిళభాషలు నాల్గింటను గలిపి యాఱు జాతీయపురస్కారములు: 1979 శంకరాభరణము మొదలు 1996 నాటి తమిళచిత్రము మిన్సారకనవు వఱకు. 2001లో పద్మశ్రీ, 2011లో పద్మభూషణము, మరణానంతరము 2021లో పద్మవిభూషణము. ఎన్ని వేల పాటలు పాడిరను లెక్కను జనులు మిక్కిలి యుత్సాహముతో జెప్పుదురు. పాటకు లెక్క ప్రధానమనుకొనువారితో నాకు వాదము లేదు.

నేను నిలువదలచిన చోటు లీ లెక్కలు కావు. మొదటిది: పాటగాడు మాటగాడగుట. తమిళచిత్రములు తెలుగునకు మార్చునప్పుడు కమల్‌హాసన్‌గారి పాత్రలకు బాలసుబ్రహ్మణ్యముగారే గొంతు నిచ్చుచుండిరి. 2008 నాటి దశావతారము తెలుగుప్రతియందు, ఆ నటుడు ధరించిన పది పాత్రలలో నేడింటికి, స్త్రీపాత్రతో సహా, ఆయనయే మాటలు పలికిరి. రుక్మిణికొక గొంతు, శిశుపాలునికొక గొంతు పలికిన తండ్రి విద్య యిది కాదా? హరికథావేదిక రికార్డింగు గదిలో మరల లేచినది. అంతకుమించిన వింతగా నాకీ విషయము తోపలేదు. కాని చలనచిత్రచరిత్రకారులు దీనిని డబ్బింగు నైపుణ్యమని వ్రాసి యూరకుండిరి.

రెండవది: ధాతుకర్తృత్వము. 1977లో కన్యాకుమారి చిత్రముతో నాయన స్వరకర్తయైరి. 1985లో నెల్లూరు జిల్లాలోనే బుట్టిన సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన మయూరికి జేసిన సంగీతమునకు నంది బహుమాన మందిరి. 1987లో జంధ్యాలగారి పడమటి సంధ్యారాగము. స్వరకర్తగా నాయన మొత్తము కృషి పాటగానిగా జేసినదానితో బోల్చినచో మిక్కిలి చిన్నది. ఎందులకు? ఆ శక్తి లేకకాదు. చలనచిత్రపరిశ్రమ మాతువు నొకనికి, ధాతువు నొకనికి, గాత్రము నొకనికి, వేషము నింకొకనికి బంచిపెట్టినది. నారాయణదాసుగారు ఒక్కరే నిర్వహించిన నాలుగు పనులకు నలుగురు యజమానులేర్పడిరి. పైకి ఏకలగీతము, లోన మునుపటి బృందముకంటె బెద్దదైన బృందము, ఒకరి మొగ మొకరు చూడని బృందము.

ఈ పంపకమునుండి పుట్టినదే స్వామ్యవివాదము. పాట యెవరిది? 1957 నాటి కృతిస్వామ్యశాసనమును వ్యాఖ్యానించుచు సుప్రీము కోర్టు 1977లో, చిత్రమునకై కూలికి వ్రాయించిన, కట్టించిన పాటపై మొదటి స్వామ్యము నిర్మాతదే యని తీర్చెను. ఆ తీర్పునందే న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు ప్రత్యేకముగా నొక యుపసంహారము చేర్చి, మన శాసనమున స్వరకర్తకు జోటున్నది గాని పాటపాడువానికి లేదు, భారతీయసంగీతమున బాడువాని ప్రాధాన్యము తెలిసినవారికిది విపరీతముగా దోచునని భావము వెలిబుచ్చినారు. శాసనము దీని నాలకించుటకు కాలము పట్టినది. ప్రయోక్తల హక్కులు 1994 సవరణతో వచ్చినవి. రచయిత, స్వరకర్త, గాయకులకు రాబడిలో భాగమును 2012 సవరణ స్థిరపఱచినది.

2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యముగారు తమ యేబదియేండ్ల గానజీవితమును బురస్కరించుకొని యమెరికాలో కచేరీలు చేయుచుండగా, ఇళయరాజాగారి పక్షమున న్యాయవాదినుండి తమకు దాఖలా వచ్చినదనియు, అనుమతి లేక వారి పాటలు పాడరాదని యందున్నదనియు దామే ప్రకటించిరి. శాసనము నాకు దెలియదు, శాసనమగుచో పాటింతును, ఇక నా పాటలు పాడనని వారి ప్రకటనసారము. తక్కిన స్వరకర్తల పాటలతో యాత్ర సాగినది. జనులు రెండు పక్షములై కలహించిరి. ఒకరు స్నేహమునకు ద్రోహమనిరి. ఒకరు కర్త హక్కు కర్తదే యనిరి. స్నేహమును శాసనమును నొకే త్రాసున దూచుట వలన గలిగిన గందరగోళమది. శాసనము దృష్టిలో స్వరకర్త యడిగినది యన్యాయము కాదు. మాతుధాతువుల కర్తకు విలువ లేకయే శతాబ్దములుగా మన వాగ్గేయకారులు పేదలుగా బోయినారు. కాని వినువాని చెవిలో నా పాట యెవరి గొంతుగా నిలిచియున్నదో యది శాసనమున కందదు. 1960లలో హార్మోనియమువాడును బాటవాడును ఒక్క చాపమీద గూర్చున్న దినమున నీ ప్రశ్నయే పుట్టలేదు. ఒక్క మనిషియే కథ వ్రాసి పాడిన హరికథావేదికపై నది పుట్టనే పుట్టదు. పంపకమే దానిని బుట్టించినది. ఈ యంశమున నేను స్వరకర్త హక్కును సమర్థింతును. గాయకుని నొప్పిని గూడ నర్థము చేసికొందును. ఈ రెంటికిని బొత్తు కుదిర్చినవాడు ఇంతవఱకు గానరాలేదు.

మనుష్యులు మాత్రము శాసనముకంటె ముందుగా రాజీపడిరి. 2019 జూను 2వ తేదీన, ఇళయరాజాగారి జన్మదినమున, చెన్నపురిలో జరిగిన కచేరీలో బాలసుబ్రహ్మణ్యముగారు మరల వారి పాటలు పాడిరి. యేసుదాసుగారును ఆ వేదికపై నుండిరి. సుమారు అర్ధశతాబ్దికి బూర్వము విడివడక విడివడిన బృందము మరల గూడెనన్నమాట.

తనకు దొలి యవకాశమిచ్చిన కోదండపాణిగారి పేర బాలసుబ్రహ్మణ్యముగారు చెన్నపురిలో నొక రికార్డింగుశాల నెలకొల్పిరి. 1996 మొదలుకొని దూరదర్శినులలో నడిపిన పాడుతా తీయగా యను పోటీలో, ఒంటిగా నిలిచి పాడు బాలబాలికలను వరుసగా లోకమునకు జూపించిరి. అందు వారు చేసిన వ్యాఖ్యలు నేను శ్రద్ధగా వినినాను. వాద్యకారుని పేరు, రచయిత పేరు, స్వరకర్త పేరు చెప్పక యొక పాటను దాటనీయరు. ఏకలుని వెనుక నున్న బృందమును గుర్తుచేయుట వారి కొక వ్రతమువలె నుండెను. పాటకు మాటయే ప్రాణమని, ఒత్తులు, ళకార ణకారములు సరిగా బలుకవలయునని పట్టుబట్టుట హరికథకుని యింటి సంస్కారము. సంగీతాభిమానులు శ్రుతితప్పును క్షమింపరు గాని మాటతప్పును లెక్కింపరు. ఈ విషయమున నా యనుభవము సంతోషకరము కాదు.

హరికథ మాత్రము నెల్లూరిసీమయందు మునుపటివలె లేదు. నవరాత్రులలో, రామనవమి పందిళ్లలో రేయంతయు జెప్పుటకు బదులు గంటకు గుదించుచున్నారు. ఈ జిల్లా కథకుల చేతివ్రాతపుస్తకములు, కథావరుసలు, వారు వాడిన పిట్టకథలు సేకరించుట మన పరిషత్తువంటి సంస్థల పని. పాటగాని యిల్లు, పతకములు, పటములు భద్రపఱచుట సులభము. తండ్రి చెప్పిన కథల వరుసలు భద్రపఱచుట కష్టము. కష్టమైనదే ముందుగా మొదలిడవలయును.

2020 ఫిబ్రవరిలో బాలసుబ్రహ్మణ్యముగారు నెల్లూరి తిప్పరాజువారివీధిలోని తమ పిత్రార్జితగృహమును వేదపాఠశాలకై కంచి కామకోటిపీఠమునకు దానమిచ్చిరి. అదే సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన చెన్నపురిలో దివంగతులైరి. మఱునాడు తామరైపాక్కమునందలి తమ తోటలో ఖననము జరిగెను. ఆ యేడే ఆంధ్రప్రదేశప్రభుత్వమువారు నెల్లూరిలోని ప్రభుత్వ సంగీత నృత్యపాఠశాలకు వారి పేరు పెట్టిరి. సాంబమూర్తిగారు చిడతలు మ్రోగించిన యూరిలో నా పాఠశాల పిల్లలు జంటలుగను గుంపులుగను సరళీస్వరములు సాధించుచున్నారు.